సంక్రాంతి పెట్టె: సకినాలు కొనొచ్చు, అరిసెలు వద్దు

జనవరి మొదలైందంటే హైదరాబాద్‌లో ప్రతి స్వగృహ దుకాణం ముందూ సంక్రాంతి బ్యానర్ లేస్తుంది. కూకట్‌పల్లిలో అలాంటి ఓ దుకాణం అమ్ముతున్న పండుగ పెట్టె ఇది. అరకిలో సకినాలు, అరకిలో అరిసెలు, పావుకిలో చొప్పున నువ్వుల ఉండలు, మురుకులు, పైన చిన్న భోగిపళ్ల పొట్లం.

పెట్టె మీద ముగ్గు, గంగిరెద్దు బొమ్మ బాగానే అచ్చేశారు. కానీ ఇది పంట ఇంటికొచ్చాక చేసుకునే పండుగ. వానాకాలం వడ్లు మరపట్టించిన కొత్త బియ్యం, గానుగాడిన కొత్త బెల్లం, నువ్వులు: ఈ మూడింటి రుచి పిండివంటలో తెలిసిందా లేదా అన్నదే అసలు పరీక్ష.

సకినాలు నెగ్గాయి. చేత్తో చుట్టినవని చూడగానే తెలుస్తోంది. చుట్టు పొడవునా వేళ్ల మెలిక ఉంది, ఒకదాని సైజు ఇంకోదానికి సరిపోదు. అచ్చులో ఒత్తినవైతే తీగలా నున్నగా ఉంటాయి. విరిస్తే టప్పుమని విరిగాయి, పిండి రాలలేదు. నువ్వుల దగ్గర పిసినారితనం చూపలేదు. కిలో బియ్యానికి పావుకిలో దాకా పడితేనే ఆ కమ్మదనం వస్తుంది. వాము సరిపోయింది, ఉప్పు మాత్రం ఓ పిసరు తక్కువ.

ఇది తేలిక పని కాదు కాబట్టే ఈ మెప్పు. బియ్యం ఐదారు గంటలు నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే గిర్నీకి మోసుకెళ్లాలి. తడిపిండి రాళ్లకు అంటుకుంటుందని అన్ని గిర్నీల వాళ్లూ పట్టరు. పండుగ ముందు ‘తడిపిండి పట్టబడును’ అని అట్టముక్క వేలాడే చోటు వెతుక్కోవాలి. పట్టించిన పిండి ఆ రోజే వాడెయ్యాలి, మర్నాటికి పులుస్తుంది. బిరుసుగా కలిపితే చుట్టేటప్పుడే తెగిపోతుంది, జారుగా కలిపితే నూనె తాగుతుంది. చుట్టినవి బట్ట మీద కాసేపు ఆరాలి, లేకపోతే తీసేటప్పుడు ఆకారం చెడుతుంది. మంట ఎక్కువైతే అంచు వేగిపోయి నడిమి చుట్టు మెత్తగా మిగులుతుంది. ఈ పెట్టెలో రెండు మూడు సకినాలకు ఆ చివరి లోపం ఉంది, సర్దుకోవచ్చు.

అరిసెలకు సర్దుకోలేం. పైకి ఎర్రగా, నువ్వులద్ది ముచ్చటగానే ఉన్నాయి. మంచి అరిసె విరవబోతే ముందు కాస్త వంగుతుంది, తర్వాత తునుగుతుంది. ఇవి బిస్కెట్టులా పెళుక్కున విరిగాయి. నోట్లో వేసుకుంటే పంటి కింద ఇసుకలాంటి పలుకు. పొడిపిండి వాడినప్పుడు, లేదా తడిపిండినే సరిగా జల్లించనప్పుడు ఇలా అవుతుంది.

అరిసె బియ్యం కనీసం ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. పిండిని పిడికిట పడితే ముద్ద కట్టాలి. ఆ తడి పోకుండా జల్లించి, గిన్నెలో అదిమి మూత పెట్టాలి. కిలో బియ్యానికి ముప్పావుకిలో బెల్లం ఓ లెక్క. పాకం చుక్క చన్నీళ్లలో వేసి వేలితో కూడదీస్తే మెత్తటి ఉండ రావాలి. ఉండ రాకముందే పిండి పోస్తే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఉండ గట్టిపడేదాకా ఉంచితే మర్నాటికి రాయి. ఈ దుకాణం వాళ్లది రెండో తప్పు. ఎక్కువ రోజులు నిల్వ ఉండాలని పాకం ముదరనిస్తారు కాబోలు.

ఇంకోటి. వేగిన అరిసెను రెండు చెక్కల మధ్య గట్టిగా నొక్కి నూనె పిండాలి. ఇక్కడ టిష్యూ కాగితం మీద పది నిమిషాలు పెట్టిన అరిసె అరచేయంత మరక చేసింది.

నువ్వుల ఉండలు బాగున్నాయి. దోరగా వేయించారు, మాడిన చేదు లేదు. పాకం పట్టకుండా బెల్లంతో దంచి కట్టినవి కాబట్టి పళ్లు లేనివాళ్లూ తినగలరు. మురుకులు మామూలే.

భోగిపళ్ల పొట్లం ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి. రేగుపళ్లు తడితో ప్లాస్టిక్ కవర్లో చెమర్చి, రెండు అప్పటికే బూజు పట్టాయి. పైగా కొన్ని పెద్ద యాపిల్ రేగుపళ్లు! భోగిపళ్లు పసిపిల్లల తల మీద పోసేవి. చిల్లర పైసలు, సెనగలు, చెరకు ముక్కలతో కలిపి చిన్న రేగుపళ్లే పోయాలి. భోగి ముందురోజు మోండా మార్కెట్‌లోనో, దగ్గరి రైతుబజార్‌లోనో తాజాగా తెచ్చుకోండి.

ప్యాకింగ్‌లో ఓ పెద్ద పొరపాటు: సకినాలు, అరిసెలు ఒకే అరలో, మధ్యలో పల్చటి కాగితం. అరిసె పక్కనున్న సకినం రెండు రోజుల్లో మెత్తబడుతుంది. ఇంటికి రాగానే వేరుచేసి గాలి చొరని డబ్బాల్లో పెట్టండి. మెత్తబడ్డవాటిని ఓ గంట ఎండలో పెడితే మళ్లీ కరకరమంటాయి.

కాబట్టి పెట్టె మొత్తం కాకుండా సకినాలు, నువ్వుల ఉండలు విడిగా తీసుకోండి, అడిగితే ఇస్తున్నారు. భోగికి కనీసం మూడు రోజుల ముందే తెచ్చుకోండి. ఆఖర్న వేయించినవి వేడి తగ్గకముందే కవర్లో కట్టేస్తారు, ఆవిరికి చెమ్మగిల్లుతాయి. కనుమ నాటికి చూద్దాంలే అనుకోవద్దు, ఆ రోజు కాకైనా కదలదంటారు, దుకాణం వాళ్లూ కదలరు. ఆ రోజు మినుము తినాలి కదా, గారెలు ఎలాగూ పెట్టెలో రావు, ఇంట్లో రుబ్బుకోవాల్సిందే.

బస్సులో ఊరికి తీసుకెళ్లేవాళ్లు సకినాలను అట్టపెట్టెలోంచి తీసి స్టీలు డబ్బాలో సర్దండి. ఒకదాని మీద ఒకటి బోర్లా పేర్చి, పైన మిగిలిన ఖాళీలో ఓ నూలు గుడ్డ కుక్కండి. నిలబెట్టి పేరిస్తే సూర్యాపేట దాటేలోపే నుగ్గవుతాయి.