కుందేలు ఏడిస్తే కయోటీ వస్తుంది

ముందు ఖర్చు సంగతి చెప్పేస్తాను. కయోటీ వేటకు వెళ్దామనుకునేవాళ్ళు మొదట అడిగేది అదే. జనవరి ఆఖరు వారంలో ఒక గురువారం సాయంత్రం బయల్దేరి ఆదివారం తిరిగొచ్చాం. డాలస్ నుంచి శాన్ ఏంజెలో, అక్కడి నుంచి దక్షిణంగా ఎల్డొరాడో వైపున్న ఒక గొర్రెల రాంచ్. పెట్రోలు, బస, గైడు, తిండి, లైసెన్సు కలిపి మనిషికి 900 డాలర్లకు కాస్త తక్కువ అయింది. అందులో 350 శుద్ధ దండగ. ఆ కథ తరవాత చెబుతాను.

నాతో వచ్చినవాడు ఇంజనీరింగ్ నాటి స్నేహితుడు. పదిహేనేళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాడు, అయిదారేళ్ళుగా కయోటీల పిచ్చి పట్టింది. మా వాడికి తుపాకి మీద కన్నా కూత మీద, అంటే కుందేలు ఏడుపు వినిపించి కయోటీని రప్పించడం మీద మోజు ఎక్కువ. కారులో కూర్చున్నా, ఆఫీసు పార్కింగులో నిలబడినా జేబులోంచి చిన్న గొట్టం తీసి చావబోయే కుందేలులా అరుస్తాడు. వాళ్ళావిడ ఇంట్లో ఊదకూడదని ఎప్పుడో నిషేధించింది.

కయోటీ అంటే మన నక్కకు పెద్దన్న, తోడేలుకు చిన్న తమ్ముడు అనుకోండి. పది నుంచి పదిహేను కిలోలు తూగుతుంది. పేరు నహువాటల్ అనే పాత మెక్సికో భాష నుంచి వచ్చింది. పశ్చిమ టెక్సస్ రాంచ్ వాళ్ళు మాత్రం దాన్ని 'కైయోట్' అని తుంచేస్తారు. చివర 'టీ' పలికారంటే మీరు నగరం నుంచి వచ్చారని తెలిసిపోతుంది. నేను మూడు రోజులూ పలుకుతూనే ఉన్నాను.

లైసెన్సు గురించి ఒక మాట, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. టెక్సస్‌లో కయోటీకి ఫలానా కాలంలోనే వేటాడాలనీ, ఇన్నే కొట్టాలనీ నియమం లేదు. కానీ వేట లైసెన్సు ఉండాలి. ఆరు నెలలకు పైగా టెక్సస్‌లోనే ఉంటున్నవాళ్ళకు 25 డాలర్లు. బయటి రాష్ట్రాల వాళ్ళకు అయిదు రోజుల లైసెన్సు 48. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు వేటగాళ్ళ భద్రతా పాఠం పూర్తి చేయాలి. 17 ఏళ్ళు నిండితే అదంతా ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అసలు మెలిక వీసా దగ్గర ఉంది. నాలా హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. స్నేహితుడి తుపాకే కదా, ఒకసారి పట్టుకుని ఫొటో దిగుదాం అనుకునేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. 25 డాలర్లకు అంత విలువైన కాగితం ఈ దేశంలో నాకు మరొకటి దొరకలేదు.

ఇక దారి. అబిలీన్ దాకా పెద్ద హైవే, అక్కడి నుంచి 277వ నంబరు రోడ్డు. డాలస్ నుంచి నాలుగు గంటల పైచిలుకు. చీకట్లో గాలిమరల మీద ఎర్ర దీపాలన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతుంటాయి. అవి తప్ప చూడడానికి ఏమీ లేదు.

గురువారం రాత్రి శాన్ ఏంజెలోలో దిగిన మోటెల్ గది 79 డాలర్లు. నడిపేది ఒక గుజరాతీ కుటుంబం. తుపాకి పెట్టెలతో దిగిన ఇద్దరు తెలుగువాళ్ళను చూసి ఆ పెద్దాయన ముందు కంగారుపడ్డాడు. తరవాత నవ్వాడు. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి మేం లేస్తామని తెలిసి అల్లం టీ ఫ్లాస్కులో పోసి కౌంటరు మీద పెట్టి ఉంచాడు. దుప్పట్లు పాతవి, స్నానాల గదిలో కుళాయి కారుతుంది. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను.

శుక్రవారం పొద్దున రాంచ్ గేటు దగ్గరికి చేరేసరికి మైనస్ రెండు డిగ్రీలు. రాంచ్ యజమాని డెబ్బై దాటిన మనిషి, మా వాడికి మూడేళ్ళుగా పరిచయం. డబ్బు తీసుకోడు. గొర్రెలు ఈనే రోజులు దగ్గర పడ్డాయి, కయోటీలు వల కంచె కింద మట్టి తవ్వుకుని దూరుతున్నాయి అని చెప్పి, ఎక్కడ కంచె తెగిందో చేత్తో చూపించాడు. టెక్సస్‌లో నేల దాదాపు అంతా సొంతదారులదే. ఏడాదికి 48 డాలర్లు కట్టి వెళ్ళగలిగే ప్రభుత్వ వేట భూములు ఉన్నాయి గానీ, ఇలాంటి ఒక్క పరిచయం ముందు అవి దిగదుడుపే. గేటు ఎలా ఉందో అలాగే వదలాలి, మూసి ఉంటే మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. ఆయన మాకు పెట్టిన షరతు అదొక్కటే.

కూతకు కూర్చోవడం గురించి నాకున్న ఊహలన్నీ తప్పని అర్ధగంటలో తేలిపోయింది. బండి మిట్ట వెనక ఆపాలి. తలుపు ధడాలున వేయకూడదు, మూసీ మూయనట్టు నొక్కి వదిలేయాలి. మూడు వందల గజాలు నడిచి, ఒక జూనిపర్ పొదకు వీపు ఆనించి, సూర్యుణ్ణి వెనక ఉంచుకుని కూర్చోవాలి. పొద వెనక దాక్కోకూడదు, ముందు కూర్చుని అందులో కలిసిపోవాలి. అన్నిటికన్నా ముఖ్యం గాలి. కయోటీ ఏడుపు విని నేరుగా రాదు. దూరం నుంచే చుట్టు తిరిగి, గాలి తన మూతి మీదికి వీచే వైపు చేరి, వాసన చూసుకున్నాకే అడుగు ముందుకు వేస్తుంది. కాబట్టి అది చుట్టు తిరిగే దారి మన కంటికి కనబడేలా చోటు ఎంచుకోవాలి. నేను తెచ్చిన పులిహోర డబ్బా, ఆవకాయ సీసా బండి దిగనివ్వలేదు మా వాడు. "అది మూత తీస్తే మెక్సికోలో కయోటీ కూడా ఇటు రాదురా" అన్నాడు.

బ్యాటరీతో నడిచే పెట్టె ఒకటి మా దగ్గర ఉంది. నలభై గజాల దూరంలో పెట్టి రిమోటు నొక్కితే రకరకాల ఏడుపులు వినిపిస్తుంది. మా వాడికి అది రెండో భార్య కొడుకులాంటిది. నోటితో ఊదేదే అసలు సరుకని వాదిస్తాడు. ఈ విద్యకు టెక్సస్‌లో పెద్ద చరిత్రే ఉంది. మార్బుల్ ఫాల్స్ ఊరి బర్నమ్ సోదరులు ఊదే కూతలు తయారుచేసి అమ్మారు. వేకోలో జానీ స్టూవర్ట్ జంతువుల అరుపులు రికార్డు చేసి అమ్మాడు. ఇవన్నీ మా వాడు చెబుతుంటే నాకు మా ఊరి చివర గుడారాలు వేసుకునే నక్కలవాళ్ళు గుర్తొచ్చారు. నోటితో నక్క ఊళ వేసి నక్కల్ని రప్పించేవారని మా నాయనమ్మ చెప్పేది. గొట్టం లేదు, పెట్టె లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాత మన దగ్గర ఆ వేటా లేదు.

మొదటి చోట ఇరవై నిమిషాలు కూర్చున్నాం, ఒక కాకి తప్ప ఎవరూ రాలేదు. రెండో చోట వచ్చింది గానీ మా వెనక నుంచి వచ్చింది. నేను ముక్కు గోక్కున్నాను. అంతే, వెళ్ళిపోయింది. మా వాడు నన్ను తిట్టలేదు, నిట్టూర్చాడు. తిడితేనే బాగుండేది.

మూడో చోట సంగతి వేరు. ఎండు వాగు పక్కన మెస్కిట్ చెట్లు పలచగా ఉన్న చోటు. మా వాడు గొట్టం నోట్లో పెట్టి మొదట చిన్నగా, గొంతు పట్టేసిన పసిపాపలా మూలిగాడు. ఆపాడు. మళ్ళీ ఈసారి గట్టిగా, ప్రాణం పోతున్నట్టు. నిజం చెప్పాలంటే ఆ శబ్దం వినడం కష్టం. మనిషి నోటి నుంచే వస్తోందని తెలిసినా వీపు జలదరిస్తుంది. పదకొండో నిమిషంలో వాగు అవతల గడ్డి రంగులోనే ఒక ముక్క కదిలింది. కయోటీ పరుగున వచ్చి అరవై గజాల దగ్గర అడ్డంగా తిరిగి గాలి వైపు సాగింది. ఇంకో పది అంగలు వేస్తే మా వాసన తగులుతుంది. అలా పరుగెత్తేదాన్ని ఆపాలంటే కుక్కలా ఒక్కసారి మొరగాలట. మా వాడి నోట్లో గొట్టం ఉంది. దాన్ని ఉమ్మేసి తొందరలో "ఒరేయ్, ఆగరా!" అని అరిచాడు.

ఆగింది.

ముందు కాలు ఒకటి గాల్లోనే ఉంది. చెవులు రెండూ మా వైపు. మూతి మీద తెల్లటి వెంట్రుకలు, మెడ మీద మంచుకు తడిసిన జూలు, పసుపు కళ్ళు. తుపాకి నా చేతిలో ఉంది, దాని మీది గురిచూసే అద్దంలో కయోటీ నిండుగా కనిపిస్తోంది. ఊపిరి బిగబట్టాల్సింది పోయి మీట లాగేశాను. దాని వెనక మట్టి లేచింది. మరో తూటా ఎక్కించేలోగా మెస్కిట్ చెట్ల నడుమ తోక ఒక్కటే కనిపించింది. నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు మనవాళ్ళు. ఆ పొద్దు అది తన తోక తానే తొక్కినట్టుంది. మేమిద్దరం పావుగంట సేపు నవ్వాం. తెలుగు అర్థమయ్యే కయోటీ టెక్సస్‌లో ఉందని ఇంటికొచ్చాక నలుగురికీ చెప్పాం, ఎవరూ నమ్మలేదు.

మర్నాడు శనివారం పొద్దున మా వాడు ఒకటి కొట్టాడు. ఒకే దెబ్బ. దగ్గరికెళ్ళి చూస్తే ముసలి మగది, కోరపళ్ళు సగానికి అరిగిపోయాయి, కడుపు కింద బొచ్చులో గడ్డి ముళ్ళు. బండి వెనక వేసుకుని రాంచ్ పెద్దాయనకు చూపిస్తే, తల ఊపి, "వచ్చే వారానికి దాని చోటుకు ఇంకొకటి వస్తుంది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ప్రభుత్వమే ఏటా యాభై వేలకు పైగా కయోటీల్ని చంపుతోంది. ఒకప్పుడు మైదానాలకే పరిమితమైన ఈ జంతువు తోడేళ్ళు పోయాక విస్తరించి, ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. ఎక్కువ కొట్టేవాడికి బహుమతులిచ్చే పోటీలంటే నాకు అందుకే గిట్టదు. కాలిఫోర్నియా 2014లో, న్యూ మెక్సికో 2019లో వాటిని నిషేధించాయి. టెక్సస్‌లో నడుస్తూనే ఉన్నాయి. ఈ పెద్దాయన గొర్రెపిల్లల సంగతి వేరు, అది పొట్టకూటి తగవు.

ఇక ఆ దండగ 350. శుక్రవారం, శనివారం రాత్రులకు మనిషికి 175 చొప్పున ఒక వేట లాడ్జి ముందుగానే బుక్ చేశాం. ఫొటోల్లో చలిమంట, జింక కొమ్ముల దీపాలు, వేడి భోజనం. దీపాలు నిజంగానే ఉన్నాయి. హీటరు రాత్రి పదింటికి ఒకసారి దగ్గి ఆగిపోయింది. భోజనం అంటే డీప్ ఫ్రీజర్‌లో బరీటోలు, పక్కన మైక్రోవేవ్. శాకాహారం ఉందా అంటే జున్ను ఉందన్నారు. కాపలా మనిషికి ఫోను చేస్తే పొద్దున వస్తానన్నాడు. కోటు వేసుకునే పడుకున్నాను, పులిహోర మంచులా గడ్డకట్టింది. రెండో రాత్రి వద్దని వచ్చేస్తుంటే డబ్బు వాపసు లేదన్నారు. ముందుగా మొత్తం కట్టమనే చోట ఒక రాత్రికే కట్టండి, ఒప్పుకోకపోతే వదిలేయండి.

శనివారం మధ్యాహ్నం కయోటీలు కదలవు కనుక శాన్ ఏంజెలో చూశాం. 1867లో కట్టిన ఫోర్ట్ కాంచో సైనిక స్థావరం ఒక గంటకు సరిపోతుంది, రాతి కట్టడాలు బాగా నిలబెట్టారు. ఊరంతా రంగులు వేసిన గొర్రె బొమ్మలు. గొర్రెల వేలానికి పేరు మోసిన ఊరు మరి. పిల్లలుంటే బొమ్మల లెక్క పెట్టించవచ్చు.

ఆ రాత్రి గైడుకు మనిషికి 300. ఎక్కువనుకున్నాను. వేడిని చూసే అద్దాలు, మూడు కాళ్ళ స్టాండు, బండి అన్నీ ఆయనవే. సొంత నేలల్లో యజమాని అనుమతితో రాత్రి వేట ఇక్కడ చట్టబద్ధమే. అయినా ముందుగా వార్డెన్‌కు, అంటే వేట నియమాలు చూసే అధికారికి, ఫోను చేసి చెప్పాడు. ఆ అద్దంలో లోకమంతా బూడిద రంగు, ప్రాణమున్నది మాత్రం తెల్లగా వెలుగుతుంది. వీడియో ఆటలా ఉంది, నాకు పెద్దగా రుచించలేదు. తొమ్మిదిన్నరకు రెండు వందల గజాల్లో ఒక తెల్లటి ఆకారం నేరుగా మా వైపు వస్తోంది. నా వేలు మీట మీదికి వెళ్ళింది. గైడు నా మణికట్టు మీద చెయ్యి వేశాడు, మాట్లాడలేదు. ఆ ఆకారం ఆగి, పక్కకు తిరిగింది. తోక పైకి చుట్టుకుని ఉంది. పక్క రాంచ్‌లో గొర్రెల్ని కాసే గ్రేట్ పిరనీస్ కుక్క. కుందేలు ఏడుపు విని తన మంద దగ్గర ఏం జరుగుతోందో చూడ్డానికి వచ్చింది. కయోటీ తోక కిందికి వేలాడుతుందనీ, పరిగెత్తేటప్పుడు కూడా ఎత్తదనీ గైడు తరవాత చెప్పాడు. ఆ రాత్రి మేం ఒక్కటీ కొట్టలేదు. అయినా 300కు వంద ఎక్కువిచ్చాను.

పదకొండింటికి గుజరాతీ పెద్దాయన మోటెల్‌కే తిరిగి వెళ్ళాం. అదే గది ఇచ్చాడు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది, హీటరు మాత్రం సలసల వేడి.

ఇంటికొచ్చిన మూడో రోజు లాడ్జి నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది, బస ఎలా ఉంది, అయిదు నక్షత్రాలు ఇస్తారా అని. హీటరు బాగు చేయించారా అని అడిగాను. "ఏ గదిదండీ?" అంది.