ఏడేళ్లుగా పోస్ట్‌గ్రెస్: వేరే మెషీన్ నుంచి కనెక్ట్ అవ్వడం ఎలా ఉందంటే

ఒక బట్టల షాపు బిల్లింగ్ సిస్టం నేనే చూస్తాను. షాపు వెనక గదిలో ఉబుంటు సర్వర్, దాంట్లో ఏడేళ్లుగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. ఇన్నేళ్లలో డేటా ఒక్కసారీ పోలేదు. కనెక్షన్ల దగ్గర మాత్రం బాగా ఏడిపించింది.

ఇన్‌స్టాల్ చేయగానే అది లోకల్‌హోస్ట్ (అంటే తానున్న మెషీన్) మాట తప్ప ఎవరి మాటా వినదు. ఏ అడ్రసుల మీద వినాలో చెప్పే లిజన్ అడ్రసెస్ సెట్టింగ్ మార్చి, రీలోడ్ కొట్టి (సర్వర్ ఆపకుండా సెట్టింగులు మళ్లీ చదివించి), మొదటి రోజు రాత్రి రెండింటి దాకా కౌంటర్ దగ్గరే కూర్చున్నాను. ఆ సెట్టింగుకు రీస్టార్టే కావాలట. ఎవరిని లోపలికి రానివ్వాలో రాసే పీజీ హెచ్‌బీఏ ఫైలుకేమో రీలోడ్ చాలు. ఈ తేడా నాకు ఇప్పటికీ నచ్చదు.

ఆ హెచ్‌బీఏ ఫైలుని పోస్ట్‌గ్రెస్ పైనుంచి చదువుతూ, సరిపోయిన మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది. ఒక దసరా ముందు ఓనరు గారి ఫోన్: "తమ్ముడూ, మూడో కౌంటర్లో బిల్లు రావట్లేదు, జనం నిలబడి ఉన్నారు." కొత్త కంప్యూటర్‌కి లైను రాశాను, రాలేదు. దాని కింద ఇంకోటి, ఇంకోటి. తీరా చూస్తే వాటన్నిటికీ పైన 192.168.1.0/24కి (అంటే 192.168.1తో మొదలయ్యే అడ్రసులన్నిటికీ) రిజెక్ట్ అని ఉంది. ఎప్పుడో టెస్టింగ్‌కని నేనే పెట్టింది! ఎర్రర్‌లో 'రిజెక్ట్స్' అని స్పష్టంగానే ఉంది. టెన్షన్‌లో నేనే 'నో ఎంట్రీ' అని చదువుకున్నాను.

అప్పటినుంచి ఎర్రర్ అక్షరం అక్షరం చదువుతున్నా. 'రిఫ్యూజ్డ్' అంటే మెషీన్ దొరికింది, పోస్ట్‌గ్రెస్ పోర్ట్ 5432లో వినేవాళ్లు లేరు. టైమ్‌అవుట్ అయితే ముందు ఫైర్‌వాల్ చూస్తా. 'నో ఎంట్రీ' వస్తే సగం పని అయినట్టే, గుమ్మం దాకా చేరాం. వెర్షన్ 10 నుంచి పీజీ హెచ్‌బీఏ ఫైల్ రూల్స్ అనే వ్యూ (టేబుల్‌లా చదువుకునేది) ఉంది; ఫైల్లో తప్పుంటే రీలోడ్‌కి ముందే చూపిస్తుంది.

వెర్షన్ 14కి మారి పాస్‌వర్డులు కొత్తగా పెట్టగానే రిపోర్టుల పాత జేడీబీసీ డ్రైవర్ (జావా ప్రోగ్రాంని డేటాబేస్‌కి కలిపేది) 'ఆథెంటికేషన్ టైప్ 10' అంటూ మొరాయించింది. స్క్రామ్ అనే కొత్త పాస్‌వర్డ్ పద్ధతి దానికి తెలియదు. కొత్త డ్రైవర్ వేస్తే సరిపోయింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ రీలోడ్, రీస్టార్ట్ గోలకే.

ఇంటినుంచైతే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లోనే (ఎన్‌క్రిప్ట్ అయిన దారిలో) వెళ్తాను, 5432ని ఇంటర్నెట్‌కి తెరవను. నా వైపు పోర్ట్ 5433. ఓసారి 5432 ఇచ్చాను. ల్యాప్‌టాప్‌లో నా సొంత పోస్ట్‌గ్రెస్ అప్పటికే దాని మీద ఉంది. టన్నెల్ వార్నింగ్ ఇచ్చింది, నేను చూసుకోలేదు. లాగిన్ అయి బిల్లుల టేబుల్ తెరిస్తే సున్నా వరుసలు; నేను చూస్తున్నది షాపుది కాదు, ల్యాప్‌టాప్‌లోనిది. నిజంగా చెమటలు పట్టేశాయి.