ఆల్గే ఈటర్ అని ఏ చేపిచ్చినా తెచ్చుకోకండి, తోక చూసి కొనండి

అందరికీ నమస్కారం. ట్యాంకులో పాచి ఎక్కువైందని చేప కొనడానికి వెళ్తున్నవాళ్ళు, ముఖ్యంగా ఏంజెల్స్, డిస్కస్ లాంటి పలక చేపలు, గోల్డ్‌ఫిష్ ఉన్నవాళ్ళు డబ్బులు ఇచ్చే ముందు ఇది చదవండి. నాకు రెండు ఏంజెల్స్ పోయాయి. రెండేళ్ళు పెంచుకున్న చేపలు అవి.

మాది విజయవాడ. మూడడుగుల ట్యాంకు, మూడు ఏంజెల్స్, కొన్ని టెట్రాలు. అనుబియాస్ మొక్క ఆకుల అంచులకి నల్లగా గడ్డంలా పాచి పట్టింది, గోకితే ఆకు చిరుగుతుంది తప్ప అది రాదు. దాన్ని తినేది సయామీస్ ఆల్గే ఈటర్ అని తెలిసే వెళ్ళా షాపుకి, పేరు పెట్టి మరీ అడిగా, "ఇదే తమ్ముడూ అది" అని వేలంత చేపలు రెండు కవర్లో వేసి ఇచ్చాడు. గోధుమ రంగు, పక్కన నల్ల చార. చార ఉంది కదా అని నేను ఇంకేం చూడలేదు.

మొదట్లో బాగానే ఉంది, అద్దం తళతళలాడేది. నల్ల పాచిని మాత్రం ముట్టుకోలేదు. ఆరేడు నెలలకి జానెడు దాకా పెరిగాయి, పాచి తినడం మానేసి పెల్లెట్లు వెయ్యగానే అందరికంటే ముందు వచ్చేసేవి. ఆ తర్వాత ఏంజెల్స్ ఒంటి మీద గుండ్రంగా తెల్లటి మచ్చలు, అక్కడ పొలుసులు లేవు. నేను ఫంగస్ అనుకుని మందు వేశా, ఉప్పు వేశా, రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చా, ఒకటి చచ్చిపోయింది. ఒకరోజు రాత్రి ఒంటిగంటకి నీళ్ళు తాగడానికి లేచి ట్యాంకులో చప్పుడు వింటే ఫోన్ లైట్ వేసి చూశా, ఆ చేప ఏంజెల్ పక్కకి నోటితో అతుక్కుని ఉంది, ఏంజెల్ వదిలించుకోలేక వెళ్ళి హీటర్‌కి కొట్టుకుంటోంది. జాలీ పెట్టి విడదీశా కానీ ఆ ఏంజెల్ కూడా మూడో రోజు పోయింది.

అవి సయామీస్ కాదు, చైనీస్ ఆల్గే ఈటర్లు. పసుపు రంగులో గోల్డెన్ ఆల్గే ఈటర్ అని అమ్మేదీ ఇదే జాతి, రంగొకటే తేడా. చిన్నప్పుడు పాచి తింటాయి, పెద్దయ్యాక పక్క చేపల ఒంటి మీద జిగురు పొర మరుగుతాయి, ఆ పొర పోతే చేపకి ఇన్ఫెక్షన్ రావడానికి ఎంతోసేపు పట్టదు. పెరిగితే అడుగు దగ్గరకి వస్తాయి.

తేడా ఎలా తెలుస్తుందంటే, షాపులో ఒక రెండు నిమిషాలు నిలబడి చూడండి. చైనీస్‌ది నోరు కిందవైపు గుండ్రంగా ఉంటుంది, అద్దానికి గట్టిగా అతుక్కుపోతుంది, అతుక్కున్నప్పుడు కూడా మొప్పలు గబగబా ఆడుతూనే ఉంటాయి, ఎందుకంటే దానికి మొప్పల పైభాగాన నీళ్ళు పీల్చుకోడానికి వేరే చిన్న కన్నం ఉంటుంది. అసలు సయామీస్ అలా అద్దానికి అతుక్కోదు, కింది రెక్కల మీద ఆనుకుని కూర్చుంటుంది, నల్ల చార ముక్కు నుంచి మొదలై తోక రెక్క చివరిదాకా పోతుంది. చార తోక మొదట్లోనే ఆగిపోతే అది వేరే చేప. చార పైన బంగారు గీత ఉండి రెక్కలకి రంగు అంచులుంటే అది ఫ్లయింగ్ ఫాక్స్, నల్ల పాచికి దాన్ని నమ్ముకోకండి, పెద్దయ్యాక గొడవ చేసే రకం.

నాకు ఎక్కువ బాధ కలిగించింది తర్వాత జరిగింది. షాపతనికి మిగిలిన ఏంజెల్ ఫోటో చూపించి అడిగితే "ఆ ఆల్గే ఈటర్లని ఏ చెరువులోనో వదిలెయ్, ఈ సక్కర్ తీసుకెళ్ళు, ఎవర్నీ ఏమనదు" అన్నాడు. దయచేసి ఈ మాట వినకండి. రెండంగుళాల సక్కర్ (ప్లెకో అని కూడా అంటారు, ఇదీ అద్దానికి అతుక్కునే చేపే) ఒకటిన్నర అడుగు పెరుగుతుంది, రెట్ట బాగా వేస్తుంది, గోల్డ్‌ఫిష్ లాంటి నెమ్మది చేపల్ని రాత్రిపూట ఇదీ గీకుతుంది. చెరువు సంగతికొస్తే, మా మామయ్యకి కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి, దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం కోసం తెచ్చిన ఈ సక్కర్లే అక్కడ ఇప్పుడు వలల్లో పడుతున్నాయి. దెయ్యం చేప అంటారు. రెక్కల ముళ్ళు వలకి చిక్కుకుంటే చింపి తియ్యాల్సిందే, తినడానికి కొనేవాళ్ళు లేరు, గట్టుల్లో బొరియలు చేస్తుంది. మనలాంటి వాళ్ళు వదిలినవే ఇవన్నీ.

మరి ఏం కొనాలి అంటే, నాలుగడుగుల ట్యాంకుంటే అసలు సయామీస్, అదీ ఆరంగుళాల దాకా వస్తుందని గుర్తుపెట్టుకుని. చిన్న ట్యాంకుకి నెరైట్ నత్తలు మంచివి, మంచినీళ్ళలో పిల్లలు పెట్టవు కాబట్టి ట్యాంకు నిండిపోదు. ఓటోలని పాచి తినే చిన్న చేపలుంటాయి, రెండంగుళాలు కూడా పెరగవు, ఎవరి జోలికీ పోవు, కానీ కొత్త ట్యాంకులో వెయ్యకండి, పాచి లేక ఆకలితో పోతాయి, కనీసం నాలుగైదు నెలలు నడిచిన ట్యాంకు ఉండాలి, ఆరు కలిపి తెచ్చుకోండి. కొన్నప్పుడు పొట్ట లోపలికి పోయి ఉన్నవి వద్దు.

అయినా చేప కంటే ముందు లైటు చూసుకోండి. నేను పన్నెండు గంటలు వేసి ఉంచేవాణ్ణి, పైగా కిటికీ ఎండ. ఇప్పుడు ఏడు గంటలకి తగ్గించా, మేత రెండు నిమిషాల్లో తినేంతే వేస్తున్నా, నల్లపాచి పట్టిన ఆకులు కత్తిరించి పారేశా, రెండు నెలలుగా కొత్త ఆకులకి పట్టలేదు. చైనీస్ రెండింటినీ ఆరడుగుల ట్యాంకులో సిక్లిడ్స్ పెంచే ఫ్రెండ్ తీసుకున్నాడు. మిగిలిన ఏంజెల్‌కి పొలుసులు మళ్ళీ వస్తున్నాయి, మేతకి పైకి వస్తోంది.

ఎవరైనా షాపులో ఉండి డౌట్ ఉంటే పక్క నుంచి తోక కనపడేలా ఫోటో తీసి ఇక్కడే కింద పెట్టండి, కొనకముందే చెప్తా.