నాలుగు మీటర్ల గీత లోపల ఏడున్నరేళ్లు

కొనేటప్పుడు మైలేజీ చూశాం, ఇంజను చూశాం, రంగు దగ్గర ఇంటిల్లిపాదీ రెండు రోజులు వాదించుకున్నాం. ఏడున్నరేళ్లు, 1,34,000 కిలోమీటర్లు నడిపాక, నాలుగు మీటర్లు మించని పొడవులో జీపులా ఎత్తుగా కనిపించే ఈ బండిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఏమిటని అడిగితే, సీటు ఎత్తు అంటాను.

అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అంతకుముందున్న చిన్న కారులో కూర్చోవాలంటే బాగా కిందికి వంగాలి, దిగేటప్పుడు ఎవరైనా చెయ్యిచ్చి లేపాలి. మామయ్య వాళ్ల జీపు ఎక్కాలంటే ముక్కాలి పీట వేయాలి. ఈ బండి డోరు తీస్తే సీటు మా ఊరి ఇంటి అరుగు ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తులో ఉంటుంది. వెనక్కి తిరిగి అరుగు మీద చతికిలబడినట్టు కూర్చుంటుంది, కుచ్చిళ్లు సర్దుకుంటుంది, తర్వాత ఒక్కో కాలూ లోపలికి తీసుకుంటుంది. మొదటిరోజే "ఇది ఎక్కేకి దిగేకి బాగుంది నాయనా" అంది. షోరూంలో మాకు టచ్‌స్క్రీన్ గురించి అరగంట చెప్పారు. సీటు ఎత్తు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లను కూడా తీసుకెళ్లండి. నడపడం కన్నా ముందు వాళ్లను నాలుగుసార్లు ఎక్కించి దింపి చూడండి.

బండి 2018 ఉగాది సమయంలో అనంతపురంలో తీసుకున్నాం. డీజిల్, బీఎస్-4 కాలుష్య ప్రమాణం, మాన్యువల్ గేర్లు. వారానికి రెండుసార్లు తాడిపత్రి వైపు ఉన్న చీనీ (బత్తాయి) తోటకు, నెలకు ఒకసారి బెంగళూరుకు, పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఎక్కడికంటే అక్కడికి తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక కంపెనీ గురించి కాదు, ఈ వర్గం బండ్లన్నిటికీ ఉన్న కొలత గురించి.

ఆ కొలత నాలుగు మీటర్లు. 2006 బడ్జెట్లో అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు అన్నారు. అప్పట్నుంచి మన దేశంలో కార్ల ఆకారాన్ని ఆ గీతే దిద్దుతూ వచ్చింది. 2008లో టాటా వాళ్లు ఇండిగో వెనక భాగాన్ని కురచ చేసి సీఎస్ అని తెచ్చారు. 2012లో మారుతి డిజైర్ డిక్కీకి అదే కోత పడింది. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ వచ్చాక, అదే పొడవులో ఎత్తుగా జీపులా కనిపించే బండి చేయొచ్చని, దాన్ని చిన్న కారు పన్నుకే అమ్మొచ్చని అందరికీ తెలిసొచ్చింది. తర్వాత వరసగా 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ, ఎక్స్‌యూవీ300, 2020లో సోనెట్. బ్రెజా, వెన్యూ, ఎక్స్‌యూవీ300 మూడూ వేర్వేరు కంపెనీలవి, మూడింటి పొడవూ 3995 మిల్లీమీటర్లే. ఎక్స్‌యూవీ300కి మూలమైన కొరియా బండి టివోలి 4.2 మీటర్లు ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి ఆ జానెడు తగ్గింది.

ఆ జానెడు ఎక్కడ తగ్గుతుందో ఈ వర్గం బండి నడిపేవాళ్లకు బాగా తెలుసు. డిక్కీ దగ్గర.

మా తోటలో కాయ కోసినప్పుడు వ్యాపారి లారీ వస్తుంది, దాంతో ఇబ్బంది లేదు. బంధువులకు పంపే రెండు బస్తాల చీనీకాయలు, ఇంటికి తెచ్చుకునే ఒక మూట బుడ్డలు (వేరుశనగ), మందుల డబ్బాలు, డ్రిప్ పైపు చుట్ట ఒకటి, ఇవే మా లగేజీ. పైపు చుట్ట నిలబెడితే డిక్కీ డోరు పడదు, పడుకోబెడితే బస్తాలు పట్టవు. చివరికి వెనక సీటు సగం మడిచి తోస్తాను, అప్పుడు వెనక ఇద్దరే కూర్చోగలరు. ఇంకో ఇబ్బంది డిక్కీ గడప ఎత్తు. బస్తాను తొడదాకా లేపి, గడప దాటించి, మళ్లీ లోపలికి దించాలి. రెండేళ్లు తిరిగేసరికి ఆ గడప మీద పెయింటు పోయి ఇనుము మెరిసింది. మూడో ఏట దాని మీద పాత ట్యూబు ముక్క అతికించాను, అప్పట్నుంచి గీతలు ఆగాయి.

వెనక ముగ్గురు కూర్చోవచ్చని కాగితం మీద ఉంటుంది. మధ్యలో కూర్చున్నవాళ్లకు కాళ్ల దగ్గర ఉబ్బు, వీపు దగ్గర గట్టి మెత్త. పిల్లలు పదేళ్లలోపు ఉన్నన్నాళ్లు సరిపోయింది. ఇప్పుడు పెద్దవాడు నా అంత ఎత్తయ్యాడు, బెంగళూరు ప్రయాణమంటే మధ్య సీటు ఎవరిదన్న పంచాయితీ పెనుకొండ దాకా నడుస్తుంది.

ఎత్తు గురించి ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. బండి జీపులా కనిపించినంత మాత్రాన జీపు కాదు. ఛాసిస్ మీద విడిగా బాడీ బిగించిన బండి కాదిది, చిన్న కారు ప్లాట్‌ఫారం మీదే ఎత్తు పెంచి కట్టింది. ఇంజను తిప్పేది ముందు చక్రాలను మాత్రమే. గుంతల రోడ్డు మీద, గట్టు దాటేటప్పుడు, వానకు కోసుకుపోయిన బండిబాట మీద ఆ ఎత్తు నన్ను ఎన్నోసార్లు కాపాడింది, అడుగు ఒక్కసారి కూడా తగల్లేదు. కానీ 2020 వానాకాలంలో తోట దారిలో నల్లరేగడిలో ముందు చక్రాలు రెండూ కూరుకుపోయాయి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రాలకు మట్టి ముద్దలా పట్టుకుని టైరు గాళ్లన్నీ పూడిపోయాయి. చివరికి పక్క పొలం ట్రాక్టరే దిక్కయింది. లాగడానికి కొక్కెం ఎక్కడుందా అని వెతికితే డిక్కీ అడుగున స్టెప్నీ పక్కన పనిముట్ల సంచిలో ఉంది. రెండు బస్తాలు దించి, పరుపు లేపి, కొక్కెం తీసి, బంపరు మీది చిన్న మూత ఊడదీసి అందులో మర తిప్పి బిగించాలి. ఆ వానలో, ఆ బురదలో అరగంట పట్టింది. అప్పట్నుంచి వానాకాలం నాలుగు నెలలూ కొక్కెం నా సీటు కిందే ఉంటుంది. ఈ బండ్లు కొన్నవాళ్లు ఒకసారి ఇంటి ముందే ఎండలో నిలబడి ఆ కొక్కెం బిగించి చూసుకోండి.

ఖర్చుల లెక్క కొస్తే, టైర్లు 52,000 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, లక్ష దాటాక ఇంకోసారి మార్చాను. సస్పెన్షన్‌లో లింకు రాడ్లు, బుష్‌లు 60,000 దగ్గర, క్లచ్ 90,000 దగ్గర. టచ్‌స్క్రీన్ నాలుగో ఏట ఆగిపోతే సర్వీసు సెంటరులో మొత్తం యూనిట్ మార్చాలన్నారు. బయట షెడ్డులో వైరు కనెక్టరు శుభ్రం చేస్తే పనిచేసింది, ఇప్పటికీ పనిచేస్తోంది. ఇంజనుకు ఇన్నేళ్లలో ఆయిలూ ఫిల్టర్లూ తప్ప ఏమీ పెట్టలేదు. హైవే మీద లీటరుకు 19, మొత్తం కలిపి సగటున పదిహేడున్నర. ఈ సైజులో డీజిల్ ఇప్పుడు కొన్ని కంపెనీల దగ్గరే దొరుకుతుంది. మారుతి 2020లో బీఎస్-6 వచ్చినప్పుడే డీజిల్ మానేసింది.

ఇక ఎలక్ట్రిక్ సంగతి. బెంగళూరులో ఉండే మా తమ్ముడు ఆఫీసు పని మీద విదేశం వెళ్తూ తన బండి తొమ్మిది నెలలు మా దగ్గర వదిలాడు. అదీ ఇదే వర్గం, ఇదే పొడవు, ఇదే సీటు ఎత్తు, కాకపోతే ఎలక్ట్రిక్. పెట్రోలు బండి బాడీలోనే బ్యాటరీ పెట్టి చేసింది. దాన్ని చూశాక నాకొకటి తట్టింది. ఎలక్ట్రిక్ కార్లకు పొడవెంతైనా జీఎస్టీ 5 శాతమే. నాలుగు మీటర్ల గీత వాటికి లేదు. అయినా పెట్రోలు బండి ఒంటిలో పుట్టినందుకు దీనికీ అదే ఇరుకు డిక్కీ వచ్చింది. ఈ మధ్య మొదట్నుంచీ ఎలక్ట్రిక్‌గానే గీసిన మహీంద్రా బీఈ6 లాంటివి నాలుగు మీటర్లు దాటి హాయిగా ఉన్నాయి, ధర కూడా అలాగే ఉంది.

ఊళ్లో మొదటిరోజు చార్జింగ్ పెడితే చార్జరు పెట్టెలో ఎర్ర లైటు వెలిగింది. ప్లగ్గు మార్చాం, ఇంకో గదిలో పెట్టాం, అదే ఎర్ర లైటు. కరెంటు పనిచేసే అతను వచ్చి టెస్ట్ బల్బు ఒక వైరు ఫేజుకు, ఇంకోటి ఎర్తుకు పెట్టి చూశాడు. బల్బు మిణుకు మిణుకుమంది. "అన్నా, ఈ ఇంటికి ఎర్తింగే సరిగా లేదు, ఫ్యానూ లైటూ ఊరుకుంటాయి, ఇది ఊరుకోదు" అన్నాడు. తప్పు బండిది కాదు, నలభై ఏళ్ల మా ఇంటిది. గోడ పక్కన నిలువు లోతు గుంత తవ్వించాం, జీఐ పైపు దింపాం, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోసుకుంటూ పూడ్చాం, నాలుగు బిందెల నీళ్లు పోశాం. మర్నాడు పొద్దున పచ్చ లైటు వెలిగింది. మా జిల్లా నేల సంగతి తెలిసిందే, ఎండాకాలం తడి ఆరిపోతే ఎర్తింగూ పోతుంది. మార్చిలో ఒకసారి మళ్లీ ఎర్ర లైటు వచ్చింది, పైపులో రెండు బిందెలు పోస్తే గంటలో సర్దుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం పోయడం అలవాటు చేసుకున్నాను. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో గ్రైండరూ గీజరూ సరైన ఎర్తింగు లేకుండా వాడామన్నది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎలక్ట్రిక్ బండి కొనకపోయినా సరే, పాత ఇళ్లవాళ్లు ఈ ఒక్క పని చేయించుకోండి.

కొందరు తోట మోటారు దగ్గర ఉచిత కరెంటుకు తగిలించమని సలహా ఇచ్చారు. అది సేద్యానికి ఇచ్చింది, కారుకు కాదు. మేం ఇంటి మీటరుకే పెట్టాం. బిల్లు ఎలా పెరుగుతుందో కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు శ్లాబులున్నాయి, 400 యూనిట్లు దాటితే యూనిట్ 9 రూపాయల 75 పైసలు. కారు తోడైతే ఆ పై శ్లాబులోనే పడతాం. అయినా యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల లెక్కన, చార్జింగులో వృథా కలుపుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నర దాటలేదు. నా డీజిల్‌కు ఐదున్నర అవుతోంది.

బెంగళూరు దారిలో మాత్రం దాని తీరు వేరు. అనంతపురం సముద్రమట్టానికి 350 మీటర్ల లోపు ఎత్తులో ఉంటుంది, బెంగళూరు 900 పైన. కంటికి కనిపించని ఆ ఎక్కుడంతా బ్యాటరీ మోయాలి. వెళ్లేటప్పుడు ఎప్పుడూ బాగేపల్లి దాటాక ఒకచోట ఆగి చార్జింగ్ పెట్టాల్సి వచ్చింది. వచ్చేటప్పుడు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా నడిపితే ఎక్కడా ఆగకుండా ఇంటికి చేరాను, పది పన్నెండు శాతం మిగిలేది. ఒకే రోడ్డు, ఒకే బండి, పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఒక లెక్క. డీజిల్ బండిలో ఏడేళ్లు అదే దారిన తిరిగినా ఆ ఎత్తు ఉందని నాకు తెలియలేదు.

ఇన్ని రకాలు వచ్చినా మాలాంటి కుటుంబానికి సరిపోయే బండి ఒకటి ఇంకా లేదు. ముందు ఐదుగురు కూర్చుని, వెనక తొట్టిలో నాలుగు బస్తాలు, పైపు చుట్ట వేసుకునే చిన్న పికప్. మన శ్రీసిటీలోనే ఇసుజు వాళ్లు వి-క్రాస్ చేస్తున్నారు, దాని తొట్టి పక్కన నిలబడి చాలాసేపు చూశాను. బలమైన బండి, కానీ పొడవు ఐదు మీటర్లు దాటుతుంది, మా ఊరి సందులో తిరగదు, ధర మా తాహతుకు అందదు. తక్కువ ధర పికప్‌లు ఉన్నాయి, అవి సరుకు మోయడానికి చేసినవి, అమ్మను ఎక్కించేవి కావు. పన్ను గీత లోపల ఎత్తు తక్కువవి, ఎత్తువి, మరీ చిన్నవైనా ఎత్తుగా ఉన్నవి, సీఎన్‌జీవి, ఎలక్ట్రిక్‌వి అన్నీ వచ్చాయి. ఈ ఒక్క గది మాత్రం ఖాళీగా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతకు ఇవతల జీఎస్టీ 18 శాతం, అవతల చాలావాటికి 40. ఇంత తేడా ఉన్నాక పొడవైన తొట్టి ఉన్న బండి మా ధరకు ఎవరైనా చేస్తారన్న ఆశ పెట్టుకోలేను.

కాబట్టి డీజిల్ బండిని అమ్మడం లేదు, తోటకూ దూరప్రయాణాలకూ అదే. రోజువారీ తిరగడానికి ఎలక్ట్రిక్ ఒకటి తీసుకోవాలనుకుంటున్నాం. తమ్ముడు తిరిగొచ్చి తన బండి తీసుకెళ్లి నెలలు గడిచాయి. ఊళ్లో గోడ పక్కన ఆ పైపులో మాత్రం ఆదివారం ఆదివారం రెండు బిందెలు పోస్తూనే ఉన్నాను.