శుక్రవారం లైవ్ చీరలావిడ సైట్‌లో అకౌంట్ ఉందా? ముందు ఇది చదవండి

శుక్రవారం రాత్రి లైవ్ పెట్టే చీరలావిడ తెలుసుగా. "స్క్రీన్‌షాట్ తీయక్కా, ఇదొక్కటే ఉందక్కా, పోతే మళ్లీ రాదక్కా" అని అరుస్తుంటుంది, ఆవిడే. పేరు రాయను. రాస్తే పోస్ట్ తీయించేస్తుంది, లైవ్ కింద నాలాగే గోల పెట్టిన ఇద్దరి కామెంట్లు నిమిషంలో మాయమవడం నా కళ్లతో చూశా. ఆవిడ దగ్గర కొన్నవాళ్లకు పేరు చెప్పక్కర్లేదు. అక్కడ అకౌంట్ ఉన్నవాళ్లు ముందు వెళ్లి మీ మెయిల్ పాస్‌వర్డ్ మార్చుకుని రండి, తర్వాత చదువుదురుగాని.

సంగతి ఇదీ. ఈ 31న మా హెచ్చెమ్ సార్ రిటైర్మెంట్. స్టాఫ్ 14 మందిమి, మనిషికి 1,500 చొప్పున 21,000. వాషింగ్ మెషీన్ ఇద్దామనుకున్నాం. డబ్బంతా నా చేతిలో పెట్టారు, లెక్కల టీచర్ని కదా, ఒద్దికగా దాస్తానని. నేనేమో గిఫ్ట్ కార్డులుగా కొంటే 400 క్యాష్‌బ్యాక్ అన్నారని షాపింగ్ యాప్‌లో పది వేలవి రెండు, వెయ్యిది ఒకటి కొని బ్యాలెన్స్‌లో వేసి పెట్టా. సేల్ మొదలవగానే మెషీన్ తీసుకుందామని. కొసరుకు ఆశపడి అసలుకు నీళ్లొదులుకున్నా.

సోమవారం స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ మోడల్ చూపిద్దామని యాప్ తెరిస్తే బ్యాలెన్స్ 501. అంతకుముందు బుధవారం, అర్ధరాత్రి దాటాక 2:14కి నా అకౌంట్‌లోంచి ఎవడో 20,499 పెట్టి ఫోన్ కొన్నాడు. శనివారానికి అది వాడి ఊళ్లో డెలివరీ కూడా అయిపోయింది. 501 మాత్రం ముట్టుకోలేదు. చదివింపులనుకున్నాడేమో మహానుభావుడు.

మెయిల్ రాలేదా అని అడక్కండి. వచ్చింది. వాడు ముందు నా మెయిల్‌లోకి దూరి, ఆ యాప్ నుంచి ఏదొచ్చినా నేరుగా చెత్తబుట్టలో పడేలా ఒక ఫిల్టర్ పెట్టిపోయాడు. మెయిల్‌లో అలాంటి సదుపాయం ఉందని నాకు నలభై మూడేళ్లకు తెలిసింది, దొంగ పుణ్యాన. ఎస్సెమ్మెస్ ఒకటి వచ్చింది గానీ రోజూ వచ్చే ఆఫర్ల గుంపులో దాన్నెవరు చూశారు. బ్యాంకు కార్డయితే ఓటీపీ అడిగేది. గిఫ్ట్ బ్యాలెన్స్‌కి అడగలేదు. లోపలికొచ్చినవాడిదే డబ్బు.

యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే "మీ పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అయ్యారండి, మా వైపు ఏ లోపం లేదు" అని ఒకటే పాట. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేశా, ఫిర్యాదు రాసుకుని నంబరిచ్చారు. వెంటనే చేసి ఉంటే బాగుండేదన్నారు. వెంటనే తెలిస్తే కదా బాబూ.

సరే, పాస్‌వర్డ్ వాడికెలా తెలిసింది? మా చెల్లెలి కొడుకు బీటెక్, వాడు కూర్చుని అడిగాడు: "పెద్దమ్మా, ఇదే పాస్‌వర్డ్ ఇంకెక్కడెక్కడ పెట్టావు?" మెయిల్‌కీ అదే, షాపింగ్ యాప్‌కీ అదే, చీరల సైట్‌కీ అదే. కరెంటు బిల్లుక్కూడా అదే అని వాడికి చెప్పలేదు, సిగ్గేసి. వాడు తలకొట్టుకుని, మిగతావి పెద్ద కంపెనీలు, ముందు ఆ చీరల సైట్ వాళ్లనడుగు అన్నాడు.

అడిగా. ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి, నాకు రెండు రోజులుగా అన్నం సయించనిది ఆ ఫోన్‌కాల్ వల్లే, డబ్బు వల్ల కాదు.

"చెప్పక్కా, ఏది నచ్చింది?" అంటూ ఎత్తింది. విషయం చెప్పా. మీ సైట్ నుంచి పాస్‌వర్డ్‌లేమైనా బయటికి పోయాయేమో ఒకసారి చూపించుకో అమ్మా, నాలాంటి వాళ్లు వందలమంది ఉంటారు అన్నా. ఒట్టు, గొడవ పెట్టుకుందామని చెయ్యలేదు.

గొంతు మారిపోయింది. అక్క పోయి మేడం వచ్చింది.

"మాది హండ్రెడ్ పర్సెంట్ సేఫ్ మేడం. పైన సైట్ అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంటుంది, చూడండి."

(ఆ తాళం మీ ఫోన్‌కీ వాళ్ల సైట్‌కీ మధ్య దారిలో ఎవడూ తొంగి చూడకుండా వేసేది. అవతలి గుమ్మం చేరాక వాళ్లు దాన్ని బీరువాలో పెడతారో అరుగు మీద పెడతారో తాళం చెప్పదు. ఇదీ మా చెల్లెలి కొడుకే చెప్పాడు.)

నేను వదల్లేదు. "ఉండండి, మీ నంబరు చెప్పండి" అంది. టకటకా కీబోర్డు చప్పుడు. పాపం చూస్తోంది, సాయం చేస్తుందనుకున్నా. తర్వాత నవ్వు వినబడింది.

"ఏంటి మేడం ఇది? బుజ్జితల్లి, ఎట్, 2009. టీచర్నంటున్నారు! ఇలాంటి పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఎవడైనా దూరతాడు. స్ట్రాంగ్ పాస్‌వర్డ్ పెట్టుకోవాలి మేడం."

వెనక ఇంకో అమ్మాయి కిసుక్కుమంది.

బుజ్జితల్లి మా అమ్మాయి. 2009 అది పుట్టిన ఏడు. ఆ రెండూ కలిపి నేను మా ఆయనకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని ముక్కూమొహం తెలియని మనిషి, చీర కుచ్చిళ్లు సవరిస్తున్నంత తేలిగ్గా ఫోన్లో నాకే చదివి వినిపిస్తోంది. పైగా బుద్ధులు చెబుతోంది. ఒళ్లు చల్లబడిపోయింది.

"నా పాస్‌వర్డ్ నీకెలా కనిపిస్తోందమ్మా?" అన్నా.

"ఎక్సెల్‌లో అందరివీ ఉంటాయి కదా మేడం. మర్చిపోయామని ఫోన్ చేస్తారు, చెప్పాలి కదా." ఎంత సేవాభావమో!

"ఆ ఎక్సెల్ ఎవరెవరు చూస్తారు?"

"అడ్రస్‌లు అందులోనే ఉంటాయి, ప్యాకింగ్ పిల్లలూ చూస్తారు. అయినా మీ తప్పు మా మీద రుద్దకండి మేడం." టక్. పెట్టేసింది. ఐదు నిమిషాలకు వాట్సాప్‌లో బ్లాక్. అంతకుముందు నెల 8,900 పెట్టి గద్వాల చీర కొన్నప్పుడు ఇదే నోరు "మా బంగారు అక్క" అంది.

వాళ్ల దగ్గరే పోయిందని నేను రుజువు చెయ్యలేను. నిజమే, చెప్పాలి కాబట్టి చెబుతున్నా. కానీ అందరి మెయిళ్లూ పక్కనే పాస్‌వర్డ్‌లూ ఎక్సెల్‌లో పెట్టుకుని ప్యాకింగ్ బల్ల మీద వదిలేసే దుకాణం నుంచి అది పోలేదంటే నేను నమ్మాలా?

పద్ధతిగా నడిపే సైట్ ఎవరి పాస్‌వర్డూ దాచుకోదట. వచ్చినదాన్ని రుబ్బేసి ఆ పిండి దాచుకుంటుంది. మళ్లీ మీరు లాగిన్ అయినప్పుడు కొట్టినదాన్ని కూడా అలాగే రుబ్బి, రెండు పిండ్లూ ఒకటేనా అని చూస్తుంది. పిండిలోంచి మళ్లీ బియ్యం ఏరలేం కదా. రుబ్బేటప్పుడు ఒక్కొక్కరి దాంట్లో ఒక్కో రకం గుప్పెడు కలుపుతారట, ఇద్దరిదీ ఒకే పాస్‌వర్డైనా పిండి వేరుగా వచ్చేలా. దాని పేరు సాల్ట్! వంటింట్లో చెప్పినా అర్థమయ్యేదాన్ని ఆవిడ చెయ్యలేదు. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ కూడా ఇలాగే రుబ్బకుండా బియ్యంగానే పెట్టుకుంటే 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అన్నిటికన్నా ఎక్కువమంది వాడింది 123456. ఆ సంవత్సరమే మా బుజ్జితల్లి పుట్టింది, నేను 123456 పెట్టుకోలేదని ఇన్నాళ్లూ గర్వపడుతూ ఉన్నా.

అసలు నాకు ముందే తెలియాల్సింది. పోయిన దసరాకి పాస్‌వర్డ్ మర్చిపోయి నొక్కితే, కొత్తది పెట్టుకోమనే లింకు రాలేదు. "మీ పాస్‌వర్డ్ ఇదీ" అని పాతదే మెయిల్‌కి పంపారు. అబ్బ, ఎంత సుళువో అని మురిసిపోయా. తొమ్మిదో తరగతి పిల్లల చేత "మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు" అని చార్టు రాయించి గోడకు కొట్టించింది కూడా నేనే. ఇప్పుడా గోడ వైపు చూడటం లేదు.

లెక్కల దాన్ని కదా, ఏడుపు ఆగాక లెక్క కట్టా. మనవాళ్లు పెట్టుకునే పేర్లు, ముద్దుపేర్లు ఒక వెయ్యి అనుకోండి. పుట్టిన సంవత్సరాలు అరవై. మధ్యలో పెట్టే గుర్తులు ఐదు. గుణిస్తే మూడు లక్షలు. కంప్యూటర్‌కి అది రెప్పపాటు పని. క్యాపిటల్ పెట్టు, అంకె పెట్టు, గుర్తు పెట్టు అని సైట్లు చంపుతాయే, అందరం మొదటి అక్షరం క్యాపిటల్ చేసి, ఎట్ కొట్టి, సంవత్సరం తగిలిస్తాం. అది దొంగలకు తెలియనిదేం కాదు. ఆ నియమాలు 2003లో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్‌ తరఫున రాసిన బిల్ బర్ అనే ఆయనే 2017లో వాటిలో చాలామటుకు రాసినందుకు బాధపడుతున్నానన్నాడు. ఆయన బాధపడ్డాడని మనకెవరూ చెప్పలేదు.

అయినా నాకు మూడు లక్షల లెక్క కూడా అక్కర్లేకపోయింది. ఎక్సెల్‌లో ఉన్నదున్నట్టు రాసి ఉంది. ఒకచోట దొరికిన మెయిల్, పాస్‌వర్డ్ పట్టుకుని మిగతా వందచోట్ల కొట్టి చూడటమే వీళ్ల పనట. 2012లో లింక్డిన్ నుంచి పోయిన పాస్‌వర్డ్ వల్లే 2016లో ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ ట్విటర్ ఖాతాలోకి దూరారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆయన సరసన నిలబడ్డాను, అదొక్కటే తృప్తి.

మీకు చెప్పేదేముంది, నేనే వెధవనయ్యాక. మెయిల్ పాస్‌వర్డ్ మాత్రం ఇంకెక్కడా వాడకండి, మిగతావన్నీ దాని ద్వారానే మార్చేస్తారు. దానికి టూ స్టెప్ (పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌లో ఇంకోసారి అడిగేది) పెట్టండి. సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ (మీ మెయిళ్లు ఇంకొకరికి పంపేది) చూడండి, మీరు పెట్టనివి ఉంటే తీసేసి అన్ని డివైస్‌ల నుంచి సైనౌట్ కొట్టండి. పాస్‌వర్డ్ పొడుగ్గా, ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు మాటలతో పెట్టుకోండి. పాటల పల్లవులు, సామెతలు వద్దు. గుర్తుండకపోతే పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసి దాచే యాప్) వాడండి, అదీ చేతకాకపోతే పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. అర్ధరాత్రి 2:14కి మన బీరువా తియ్యడానికి వాడు అంత దూరం నుంచి రాడు. గిఫ్ట్ బ్యాలెన్స్‌లో పెద్ద మొత్తాలు ఉంచకండి. చీరలు కావాలంటే అకౌంట్ లేకుండా కొనండి.

మెషీన్ డబ్బు నా జీతంలోంచి వేసేశా. స్టాఫ్ వద్దన్నారు, వద్దంటూనే తీసుకున్నారు.

అప్‌డేట్: ఇది చదివి మా వదిన ఇప్పుడే ఫోన్ చేసింది. తనకూ ఆ సైట్‌లో అకౌంట్ ఉందట, పాస్‌వర్డ్ మర్చిపోయా అని నొక్కి చూస్తే పాతదే నడుచుకుంటూ మెయిల్‌కి వచ్చేసిందట. మా అన్నయ్య పేరు, ఎట్, వాళ్ల పెళ్లైన సంవత్సరం.