నార్త్ సీ నుంచి డోవర్‌కు వచ్చిన పాత రెస్క్యూ బోటు

మాది కాకినాడ. నార్త్ సీ ఆయిల్ ప్లాట్‌ఫాంల మీద ఎనిమిదేళ్లు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేశాను. అబర్డీన్‌లో ట్రైనింగ్ మొదటి రోజే పేలుడుతో తగలబడిపోయిన పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫాం గురించి చెప్పారు. 1988 జులై 6 రాత్రి, 167 మంది పోయారు. అప్పటినుంచి డెక్ మీద అడుగుపెడితే చాలు, కింద నీళ్లలో రెస్క్యూ బోటు ఎక్కడుందో చూసుకోవడం అలవాటైపోయింది.

ఆయిల్ కంపెనీ బీపీ వాళ్ల జిగ్సా అనే రెస్క్యూ ప్రాజెక్టులో వాడినవి ఈ బోట్లే. ఏఆర్‌ఆర్‌సీ, అంటే అటానమస్ రెస్క్యూ అండ్ రికవరీ క్రాఫ్ట్ అంటారు. పేరులో అటానమస్ అని ఉన్నా మనుషులు లేకుండా నడిచేది కాదు. తల్లి ఓడ నుంచి దింపితే దూరం వెళ్లి సొంతంగా పని చేసుకురాగలదు, అంతే. ఒక డ్రిల్‌లో నారింజ రంగు సూటు తొడిగిన బొమ్మను నీళ్లలో పడేశారు. మా ఊరి సరంగులు కూడా వలలు తీసేసి ఒడ్డు పట్టేంత అల. బోటు ఒరిగింది, లేచింది, మళ్లీ ఒరిగింది. ఆ ఊపులోనే ఇద్దరు వంగి బొమ్మను లోపలికి లాగేశారు. నా కళ్లతో చూశాను కాబట్టి దాని మీద నాకంత నమ్మకం.

2021లో ఇంగ్లండ్ రేవు పట్టణం డోవర్ వెళ్లినప్పుడు వెస్ట్రన్ హైట్స్ కొండ మీద నుంచి చూస్తే అదే బోటు! దాని పక్కన బార్డర్ ఫోర్స్ అని రాసుంది, బ్రిటన్ సరిహద్దు కాపలా వాళ్లు. ఈ బోట్లను మార్పించి తీర గస్తీకి పెట్టారు. వాళ్ల పెద్ద గస్తీ ఓడలు, కట్టర్లు, 42 మీటర్లుంటే ఇది సుమారు 20. ఒడ్డుకు దగ్గరగా తిరగడానికి ఈ సైజే నయం. అంచు చుట్టూ ఉన్న మందపాటి ఫెండర్, అంటే దెబ్బ తగలకుండా ఆపే మెత్తటి పట్టీ, ఇక్కడ ఇంకా బాగా పనికొస్తుంది. ఫ్రాన్స్ వైపు నుంచి సముద్రం దాటి వచ్చే వలస జనంతో కిక్కిరిసిన గాలి పడవ పక్కకు గట్టి అంచుతో వెళితే ఏమవుతుందో ఊహించుకోండి.

లోటు చెప్పాలంటే చోటే. కొద్దిమందిని తీసుకొచ్చేందుకు కట్టిన బోటు ఇది. ఆ రోజు ముందు డెక్ నిండా జనం, దుప్పట్లు కప్పుకుని ఎదురుగాలిలోనే కూర్చున్నారు. గస్తీకి మార్చేటప్పుడు అక్కడ కనీసం గాలి ఆపే తెర ఒకటి పెట్టాల్సింది. నా దృష్టిలో రాడార్ కన్నా ముందు కావలసింది అది.

జెట్టీకి ఆనుకోగానే క్రూలో ఒకాయన ఒక పిల్లాణ్ణి చంకలో చెయ్యేసి పైకెత్తి అందించాడు. వాడి లైఫ్ జాకెట్ మోకాళ్ల దాకా వేలాడుతోంది.