లడ్డూ తుంటికి మర్దన మేలా, సముద్రం మేలా?

మా లడ్డూ లాబ్రడార్. పదకొండేళ్లు నిండాయి. పొద్దున లేచేటప్పుడు ముందుకాళ్లు చప్పున లేస్తాయి. నడుము కింది భాగం కాసేపు ఆలోచించుకుని లేస్తుంది. విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధివాళ్లందరిదీ ఒకే సలహా: "సముద్రాన్ని పక్కన పెట్టుకుని మర్దనలెందుకండీ? తీసుకెళ్లి ఈదించండి." మా అత్తయ్యది వేరే మాట: "నువ్వుల నూనె కాచి పట్టించమ్మా. మనకు పనిచేసేది దానికి చేయదా?" రెండూ చేసి చూశాను.

మర్దనలో మొదటి వారం నేను చేసిన తప్పు, నొప్పి ఉన్న తుంటినే పట్టుకుని పిసకడం. కుక్క బరువులో దాదాపు 60 శాతాన్ని మామూలుగానే ముందుకాళ్లు మోస్తాయి. తుంటి కీలు అరిగితే అది ఇంకాస్త బరువును ముందుకు నెట్టుకుంటుంది. కాబట్టి బిగుసుకుపోయేవి మెడా, భుజాలూ. చెయ్యి వేస్తే తెలిసిపోతుంది, అక్కడి కండరం కొబ్బరిచిప్పలా ఉంటుంది. ఇప్పుడు ముందుగా అరచేత్తో మెడ నుంచి నడుము దాకా, బొచ్చు వాలిన వైపే నెమ్మదిగా నిమురుతాను. ఒళ్లు వెచ్చబడ్డాక భుజాల మీద బొటనవేలితో చిన్న సున్నాలు చుడతాను. వెన్నుపూసలను నొక్కను. మొత్తం పది నిమిషాలు. మధ్యలో పెదవులు నాక్కున్నా, తల తిప్పి నా చేతిని చూసినా అక్కడితో ఆపేస్తాను. మూలిగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

నూనె మాత్రం దండగ. బొచ్చుకు అంటుకుంది, అది నాకేసింది, సోఫా జిడ్డయింది. అత్తయ్య చెప్పిన రెండో ఉపాయం, కాపడం, నిజంగా పనిచేసింది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన తువ్వాలును తుంటి మీద కాసేపు ఉంచితే లడ్డూ కళ్లు మూతలు పడతాయి.

అయితే మర్దన బిగువును సడలిస్తుందే గానీ బలం ఇవ్వదు. వాడక తగ్గి సన్నబడిన తొడ, రుద్దితే పెరగదు, నడిస్తేనే పెరుగుతుంది. నీళ్ల గొప్పతనం ఇక్కడే. కుక్కలను నీళ్లలో నిలబెట్టి కొలిచిన పరిశోధకులకు మోకీలు ఎత్తు నీళ్లలో కాళ్ల మీద 85 శాతం బరువు పడితే, తుంటి ఎత్తు నీళ్లలో 38 శాతమే పడిందని తేలింది. కీలుకు పెద్దగా భారం లేకుండా కండరానికి పని దొరుకుతుందన్నమాట.

కాకపోతే అవి కదలని నీళ్లు. ఆర్‌కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు గజ ఈతగాళ్లనే మింగుతాయి. లడ్డూను మోకాలిలోతు దాటనివ్వకపోయినా ఒక అల దాని వెనుకకాళ్లను తోసేసింది. ఉప్పునీళ్లు రెండు గుటకలు మింగింది. ఆ రాత్రి వాంతులు, విరేచనాలు.

నన్నడిగితే ఇంట్లో మర్దనే మేలు, దానికి తోడు తడి ఇసుక మీద నడక. పొడి ఇసుకలో పాదం దిగబడి ముసలి కాళ్లు మరింత అలసిపోతాయి; అల వెనక్కి వెళ్లాక గట్టిపడిన పట్టీ మీద, ఎండెక్కకముందు ఒక పావుగంట చాలు. నీటి చికిత్స పరికరాలూ, నేర్చినవాళ్లూ ఉన్నచోటు మీకు అందుబాటులో ఉంటే ఈ తీర్పు తిరగబడుతుంది, అప్పుడు నీళ్లకే నా ఓటు.

ఏదైనా పశువైద్యుడు చూశాకే. జ్వరంతో పాటు కుంటుతుంటే అది పిడుదుల జ్వరం కావచ్చు, అప్పుడు మర్దన కాదు, రక్తపరీక్ష కావాలి. మన మందుల డబ్బాలోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ దానికి విషంతో సమానం.

ఇంత రాశాక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఈ రెంటికన్నా గట్టి రుజువున్నది తిండి గిన్నెకే. 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పటి నుంచీ గమనించిన అధ్యయనం 2002లో వచ్చింది. పావువంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల అరుగుదల కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. లడ్డూ ఇప్పటికి మూడు కిలోలు తగ్గింది. బల్ల కింద అత్తయ్య అందించే ఇడ్లీ ముక్కను దాని రోజువారీ కొలతలో కలిపేసుకున్నాం, ఆవిడకు తెలియకుండా.